బావి ఈతగాళ్ళను సముద్రంలోకి దించిన కాలం

నేను నందికొట్కూరుకు తిరిగొచ్చి ఇల్లు వేసుకున్నాక నెలకొకడైనా కుర్రాడు వచ్చి గడప ముందు చెప్పులు విడుస్తున్నాడు. కర్నూలు నుంచి వస్తారు, ఆత్మకూరు నుంచి వస్తారు, ఒకసారి కడప నుంచి కూడా ఒకడు వచ్చాడు. అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, అండమాన్లో స్కూబా నేర్పించే పనంట గదా, అది యాడ దొరుకుతాది?" ఫోనులో ఒక వీడియో చూపిస్తారు. నీలం నీళ్ళు, పసుపు చేపలు, మధ్యలో నల్ల సూటువాడొకడు బొటనవేలూ చూపుడువేలూ కలిపి అంతా బాగుందని సైగ చేస్తుంటాడు. వెనక పాట.

ఆ వీడియో చూసి వచ్చినవాణ్ణి ముందు కూర్చోబెట్టి కాఫీ ఇస్తాను. తర్వాత అడుగుతాను: "పరాయివాళ్ళు ఉచ్చ పోసిన సూట్లు రోజూ ఉతకగలవా?" సగం మంది కాఫీ కూడా పూర్తి చేయకుండా లేచిపోతారు. మిగిలిన సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

ఉద్యోగమంటే ఇదీ

నేను తమాషాకు అడగడం లేదు. నీళ్ళలో దిగిన ప్రతివాడూ సూటులో పోస్తాడు. కలెక్టరు పోస్తాడు, కొత్త పెళ్ళికొడుకు పోస్తాడు, వేదాంతం చెప్పే పెద్దమనిషీ పోస్తాడు. పైకొచ్చాక అందరూ "సముద్రం ఎంత వెచ్చగా ఉందో" అంటారు. సాయంత్రం ఆ సూట్లన్నీ తొట్టిలో వేసి తొక్కి, పిండి, నీడలో ఆరేసేది మనమే. సిలిండర్లు మోసేది మనమే. పడవలో వాంతి చేసుకుంటే కడిగేది మనమే. కొత్త జంట గొడవపడితే, నీళ్ళలో ఇద్దరి చేతులూ పట్టించి గుండె ఆకారంలో ఫోటో తీయించేదీ మనమే.

చేపలు చూడొచ్చు గదా అంటారు. అన్నేళ్ళలో నేను తీరిగ్గా చూసిన చేపలు తక్కువ. నేను చూసినవి కళ్ళు. మాస్కు అద్దం వెనక మనిషి కళ్ళు ఎప్పుడు పెద్దవవుతాయి, రెప్ప కొట్టడం ఎప్పుడు ఆగుతుంది, చెయ్యి నోటి దగ్గరి గొట్టం మీదికి ఎప్పుడు పోతుంది, బుడగలు ఏ వరసలో వస్తున్నాయి. ఇవి చూడటమే ఉద్యోగం. ఈత కూడా రాని మనిషిని, అరగంట పాఠం చెప్పి, వీపు మీది సిలిండర్ పట్టుకుని సముద్రం అడుగుకు తీసుకెళ్ళి, ప్రాణంతో పైకి తీసుకురావాలి. అంతకు మించి ఇందులో ఏ గొప్పా లేదు. అంతకు తక్కువైతే మాత్రం మనం మనుషులం కాదు.

ఈమధ్య కర్నూల్లో ఒకాయన ఈత కొలనులో నాలుగు రోజులు ముంచి లేపి సర్టిఫికెట్ ఇస్తున్నాడట. ఛాతీ లోతు నీళ్ళలో నేర్చుకున్నవాడు సముద్రంలో పదిమంది ప్రాణాలకు జవాబుదారీ అవుతాడట. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంది. ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి రావద్దు.

థామస్ మాస్టారు

నేను అండమాన్ పోయింది జెట్టీ కట్టే కాంట్రాక్టులో కూలీగా. నీళ్ళ కింద సిమెంటు మూటలు సర్దడానికి మనిషి కావాలంటే చెయ్యెత్తాను. మా చేని బావిలో నన్ను మించిన ఈతగాడు లేడని నాకో నమ్మకం. ఆ పని అయ్యాక, అప్పుడప్పుడే దీవిలో టూరిస్టులకు స్కూబా చూపిస్తున్న థామస్ మాస్టారు అనే మలయాళీ ముసలాయన నన్ను చేరదీశాడు. ఓడల్లో పనిచేసి రిటైరైన మనిషి. నోరు తెరిస్తే బూతు తప్ప మంచిమాట వచ్చేది కాదు.

ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం, నాకు వచ్చిన ఈతను మరిచిపొమ్మనడం.

మన సీమవాళ్ళకు ఇది విడమరిచి చెప్పాలి. మనకు నీళ్ళంటే బావి. నడుముకు ఎండిన సొరబుర్రలు కట్టి అందులోకి తోస్తారు. నాలుగు రోజులకు బుర్రలు విప్పేస్తారు. ఆ తర్వాత మగతనమంతా ఒకే పందెంలో తేలుతుంది. ఒడ్డు మీంచి దూకి, అడుగుదాకా మునిగి, గుప్పెడు బురద తెచ్చి పైనున్నవాళ్ళకు చూపించాలి. బురద లేకుండా తేలినవాడిది వట్టి కోతే. ఇందులో కిటుకు రెండే రెండు. ఒకటి, దమ్ము బిగబట్టడం. రెండు, బురద చేతికి అందగానే రెండు కాళ్ళూ అడుగుకు తన్ని బాణంలా పైకి లేవడం. ఏడెనిమిదేళ్ళ వయసులో ఒంటికి పట్టిన ఈ అలవాటు ముసలితనంలోనూ పోదు.

సిలిండర్ గాలితో మునిగినప్పుడు మనిషిని చంపేవి సరిగ్గా ఆ రెండు కిటుకులే. ఆత్మకూరు దాటి ఘాట్ ఎక్కి శ్రీశైలం పోయే బస్సులో చిప్స్ పొట్లం ఉబ్బడం మీరు చూసే ఉంటారు. ఊపిరితిత్తులదీ అదే కథ, కాకపోతే ఇంకా ఘోరంగా. ముప్పై అడుగుల లోతున నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరి వదులుతూ వస్తే ఏ బాధా లేదు. బిగబట్టి వస్తే ఆ గాలికి పోవడానికి దారి ఉండదు, ఊపిరితిత్తులను చించుకుని పోతుంది. బావిలో పైన పీల్చిన గాలితోనే మునిగి పైకి వస్తాం కాబట్టి అక్కడ ఈ ప్రమాదం లేదు. అందుకే మనవాడికి ఇది తలకెక్కదు. వాడికి తెలిసిన నీళ్ళలో వాడు చేసింది ఎప్పుడూ తప్పు కాలేదు మరి.

మాస్టారు నన్ను నడుము లోతు నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా ఊపిరి మాత్రమే పీల్పించాడు. బుడగలు ఆగిన ప్రతిసారీ సిలిండర్ మీద స్పానర్‌తో టంగుమని కొట్టేవాడు. నాకు రోషం వచ్చింది. ఆ రోషం పోయేదాకా లోతుకు తీసుకెళ్ళలేదు. "ఈత రానివాణ్ణి తీసుకురా, ఏడుస్తూ వచ్చేవాణ్ణి తీసుకురా, తీసుకెళ్తాను. నాకన్నీ తెలుసనేవాణ్ణి మాత్రం ఒడ్డు మీదే పాతిపెట్టు" అనేవాడు. ఒకసారి పోలీసు పెద్దాఫీసరు తమ్ముణ్ణి పడవలోంచి ఒడ్డుకు పంపేశాడు. షాపు మూయిస్తానని అతను గంతులేస్తే, మాస్టారు బీడీ వెలిగించుకుని అటు తిరిగి కూర్చున్నాడు. నాకు యజమాని అంటే ఎలా ఉండాలో తెలిసింది ఆ రోజు.

నితిన్ బాబు

మాస్టారు పోయాక ఆ షాపును హైదరాబాదు కుర్రాడొకడు కొన్నాడు. నితిన్ అని పేరు. మంచి ఇంగ్లీషు, మంచి జుట్టు. అతనికీ ఇన్‌స్ట్రక్టర్ కాగితం ఉంది. వచ్చీ రావడంతోనే గోడకు రంగులేయించి, సూట్లు మార్చి, మా అందరికీ కాలరున్న టీషర్టులు ఇచ్చాడు. టూరిస్టు అనకూడదన్నాడు, అతిథి అనాలన్నాడు. అతిథికి 'కాదు' అనే మాట వినపడకూడదన్నాడు.

సముద్రం ఆ టీషర్టులను చూసి భయపడుతుందనుకున్నాడో ఏమో. చెవి నొప్పి అన్నవాణ్ణి పైకి తెస్తే, "కొంచెం ఓర్చుకోమని చెప్పాల్సింది, వీడియో పూర్తి కాలేదు" అనేవాడు. రాత్రి తాగిన వాసన ఇంకా వస్తున్నవాణ్ణి వెనక్కి పంపితే, నా మీద మొహం మాడ్చుకుని, అతనికి యాలకులు నమలమని ఇచ్చేవాడు. అతని దృష్టిలో మేం మునిగేది అతిథి కోసం కాదు, కెమెరా కోసం. అలాంటి యజమాని మీకూ దొరుకుతాడు. ఇప్పుడు వాళ్ళదే రాజ్యం. వాళ్ళతో వాదించి గెలవలేరు గానీ, సిలిండర్ మీద చెయ్యి మాత్రం మీది. దించనంటే దించనని చెప్పడం మొదటి రోజే నేర్చుకోండి.

దీనికి సంబంధించి ఒక కేసు చెప్తాను. మిగతావన్నీ మరిచిపోయినా ఫరవాలేదు.

వేంపల్లె నుంచి వచ్చినవాళ్ళు

మన జిల్లాలవాళ్ళు దీవికి గుంపుగా వస్తారు. దిగగానే గుర్తుపట్టొచ్చు. నూనెలో వేయించిన నిప్పట్ల డబ్బా, అన్నంలోకి చెనిక్కాయల పొడి, తెల్ల చొక్కా. వేంపల్లె నుంచి బయపురెడ్డి అలాగే వచ్చాడు. పొలాలున్నాయి, బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది, యాభై దాటినా గట్టి మనిషి. వెంట భార్య సరోజమ్మ, ఆమె తమ్ముడు చంద్ర. సరోజమ్మకు ఈత రాదు. ఆ ఊళ్ళలో బావి మగపిల్లలది. ఆడపిల్లలు ఒడ్డున గుడ్డలు ఉతకడానికి తప్ప నీళ్ళకు దగ్గరగా పోరు.

నేను మాట్లాడిన రెండో మాటకే నా యాస పట్టేశాడు. "ఏమప్పా, మీది యా ఊరు?"

"నందికొట్కూరు పక్క, అన్నా."

"అట్లనా! మనోడే ఉండావే. అట్లయితే మాకు ఈ పాఠాలు యాల? మా బాయి ఎంత లోతుంటాదో తెల్సునా నీకు? బురద తెచ్చినోణ్ణప్పా నేను. నాకు పదైదేండ్లప్పుడే మా కాపోళ్ళల్లో నన్ను మించినోడు లేడు."

"బావి వేరు అన్నా. ఇక్కడ దమ్ము బిగబట్టకూడదు. పీల్చాలి, వదలాలి. ఎప్పుడూ ఆపకూడదు."

"సరేలేప్పా. నీళ్ళు నీళ్ళే గదా. ఉప్పెక్కువ, అంతే." చంద్రను చూసి కన్ను కొట్టాడు. బావ కన్ను కొడితే బామ్మర్ది నవ్వాలి కదా, నవ్వాడు.

సరోజమ్మ మాత్రం నా మొహం మీదినుంచి చూపు తిప్పలేదు. నేను చెప్పిన ప్రతిమాటా తిరిగి నాకే అప్పజెప్పింది. "పీల్చల్ల, ఇడవల్ల. చెవులు నొస్తే ముక్కు పట్టుకోని ఊదల్ల. భయమైతే నీ చెయ్యి గట్టిగా పట్టుకోవల్ల. పైకి నేనుగా లేయకూడదు. అంతేనా అన్నా?"

"అంతేనమ్మా."

నడుము లోతులో సాధన మొదలుపెట్టాం. సరోజమ్మ బుడగలు గడియారం నడిచినట్టు వచ్చాయి. బయపురెడ్డి తల ముంచాడు, బుడగలు లేవు. నేను లెక్కపెడుతూ ఉన్నాను. చాలాసేపటికి తల పైకెత్తి గర్వంగా చూశాడు. నోట్లో గొట్టం పెట్టుకుని, దాంట్లోంచి గాలి వస్తున్నా, పీల్చకుండా దమ్ము బిగబట్టి కూర్చున్నాడు! నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ తల ఊపాడు. నాలుగుసార్లూ అదే పని చేశాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

"అన్నా, ఈరోజు మీరు దిగొద్దు. రేపు పొద్దున ఇంకో గంట సాధన చేద్దాం" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "ఏమంటాండావు? నా పెండ్లాం దిగుతాది, నేను గట్టున కూర్చోవల్లనా? ఊర్లో తలెత్తుకోని తిరగొద్దా?"

ఈ మాటలు నితిన్ చెవిన పడ్డాయి. పరుగున వచ్చాడు. నేను పక్కకు తీసుకెళ్ళి చెప్పాను, ఈ మనిషి ఊపిరి బిగబడుతున్నాడు, లోతుకు తీసుకెళ్తే చస్తాడు అని. "మద్దిలేటీ, నువ్వు ప్రతిదానికీ చస్తాడంటావు" అన్నాడు నితిన్. "నువ్వు ఆవిడను తీసుకెళ్ళు. సార్‌ను నేను తీసుకెళ్తాను. వీడియో కూడా నేనే తీస్తాను."

ఒక చెయ్యి మనిషి మీద ఉండాలి, రెండో చెయ్యి ఆ మనిషిని తేల్చే, ముంచే జాకెట్ గాలి మీట మీద ఉండాలి. కెమెరా ఎన్నో చేత్తో పట్టుకుంటావని అందరికీ వినపడేలా అడిగాను. అతిథి ముందు అలా మాట్లాడొద్దని ఇంగ్లీషులో చెప్పి పడవ ఎక్కాడు.

అడుగున

ఆ చోట లోతు ముప్పై అడుగుల పైచిలుకు. తెల్ల ఇసుక, పక్కనే పగడపు దిబ్బ. మేం నలుగురం ఇసుక మీద మోకాళ్ళూనాం. చంద్ర పడవలోనే ఉన్నాడు, అతనికి వాంతులు. సరోజమ్మ నా ఎడమ చేతిని పట్టుకుంది. ఆ పట్టు మొదట బిగుసుకుంది, తర్వాత సడలింది. ఆమె బుడగలు ఒకదాని వెనక ఒకటి నింపాదిగా పోతున్నాయి. నా చూపు మాత్రం పక్కనే ఉంది.

నితిన్ ఆయన్ను ఇసుక మీద కూర్చోబెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, కెమెరా ఎత్తాడు. మనిషిని వదిలేశాడు! రెండు చేతులతోనూ కెమెరా పట్టుకున్నాడు.

కెమెరా కనపడగానే బయపురెడ్డి ఒంట్లో పదిహేనేళ్ళ పిల్లాడు లేచాడు. వంగి, ఇసుక గుప్పిట పట్టాడు. గుప్పిట ఎత్తి కెమెరాకు చూపించాడు. ఛాతీ పొంగింది. బుడగలు ఆగాయి. రెండు ఉత్తకాళ్ళూ ఇసుకలో తొక్కిపట్టి మోకాళ్ళు వంచాడు. ఆ భంగిమ నాకు తెలుసు. మా బావి అడుగున నేనూ అలాగే వంగేవాణ్ణి.

అప్పుడు నా ముందు రెండు ప్రాణాలున్నాయి. నా చేతిలో ఉన్నది ఈత రాని మనిషి. ఆమె చెయ్యి వదిలితే, భయపడి తనూ పైకి లేస్తే, ఇద్దరూ పోతారు. వదలకపోతే ఆయన ఖాయంగా పోతాడు. సరోజమ్మ చేతిని తీసి పగడపు దిబ్బ పక్కన ఉన్న రాయి మీద పెట్టాను. కళ్ళలోకి చూసి, ఇక్కడే ఉండమని అరచెయ్యి చూపించాను. ఆమె తల ఊపింది. ఆమెను వదిలి లేచాను.

ఆయన అప్పటికే లేచాడు. సగం దూరంలో ఆయన కాలు నా చేతికి చిక్కింది. కిందికి లాగి, జాకెట్లో గాలి తీసేసి, మొహంలో మొహం పెట్టి ఊదమని సైగ చేశాను. ఆయన కళ్ళు నన్ను చూడటం లేదు. పళ్ళు గొట్టం మీద బిగుసుకుపోయాయి, బుగ్గలు ఉబ్బాయి. ఇంక ఆలోచించలేదు. పిడికిలి బిగించి పొట్ట పై భాగాన ఒక్క గుద్దు గుద్దాను. గాలి భళ్ళున బయటికి వచ్చింది. మళ్ళీ బిగబట్టబోతే మళ్ళీ గుద్దాను. అలా గుద్దుతూ, ఊదిస్తూ, మెల్లగా పైకి తెచ్చి పడవవాడికి అందించాను. నితిన్ కూడా నా వెనకే పైకి వచ్చేశాడు. ఆమె ఏదని అడిగితే, నువ్వు తెచ్చావనుకున్నానన్నాడు.

నేను మళ్ళీ కిందికి దిగిన ఆ కాసేపు నా బతుకులో అన్నిటికన్నా పెద్ద భయం. ఆమె రాయి దగ్గర ఉంటుందా, లేక నీళ్ళలో ఎక్కడో తేలుతూ ఉంటుందా? తెల్ల ఇసుక కనపడింది. రాయి కనపడింది. రాయిని పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్న సరోజమ్మ కనపడింది. బుడగలు వేగంగా వస్తున్నాయి, కానీ వస్తున్నాయి. మాస్కులో కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడుస్తోంది. ఏడుస్తూనే పీలుస్తోంది, వదులుతోంది. నన్ను చూసి ఆయన కూర్చున్న చోటు చూపించి, చెయ్యి తిప్పి అడిగింది. బతికే ఉన్నాడని సైగ చేశాను. నా చెయ్యి పట్టుకుంది.

పడవలో బయపురెడ్డి ఆక్సిజన్ మాస్కులో దగ్గుతున్నాడు. ఛాతీ నొప్పి, ఉమ్మిలో కొంచెం రక్తం. కుడిచేతి గుప్పిట మాత్రం విప్పలేదు. కాసేపటికి మాస్కు పక్కకు తీసి, బామ్మర్దికి గుప్పిట విప్పి చూపించాడు. ఇసుక! నాకు అసహ్యం వేసింది. ప్రాణం గొంతులో ఉన్నవాడు సాక్ష్యం చూపిస్తున్నాడు.

క్షమాపణ

డాక్టర్లు ఆయన్ను ఒక రాత్రి ఉంచుకుని, ఊపిరితిత్తి చిరగకుండా వెంట్రుకవాసిలో తప్పిందని చెప్పి పంపించారు. ఇకమీదట నీళ్ళలో దిగొద్దన్నారు. మర్నాడు మధ్యాహ్నం నితిన్ నన్ను పిలిచాడు. అతిథి మీద చెయ్యి చేసుకున్నానని ఫిర్యాదట. అందరి ముందూ క్షమాపణ చెప్పాలట.

షాపు ముందు చెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. బయపురెడ్డి కూర్చున్నాడు. పక్కన చంద్ర. సరోజమ్మ నిలబడి ఉంది.

"ఏం జరిగిందో సార్‌నే చెప్పనివ్వండి" అన్నాను నేను.

"ఏముండాది చెప్పేకి?" అన్నాడు బయపురెడ్డి. "మీ మిషన్లో గాలి రాల్యా. గాలి రాకుంటే మనిషి పైకి లేస్తాడా లేదా? లేస్తే ఈయప్ప నన్ను పట్టుకోని పశువును గుద్దినట్టు గుద్దినాడు. నా తండ్రి కూడా నా మీద చెయ్యెత్తల్యా."

గాలి రాలేదన్న మాట వినగానే నితిన్ మొహం పాలిపోయింది. ఆ మాట ఫిర్యాదుగా పోతే షాపుకు తాళమే. నా వైపు తిరిగిన ఆ క్షణంలోనే అతను లెక్క తేల్చుకున్నాడు, నాకు కనపడింది. "మద్దిలేటీ, పొద్దున ఆ సిలిండర్లు చెక్ చేసింది నువ్వే కదా?" అన్నాడు. ఒక మనిషిని వదిలేసి వీడియో తీసినవాడు, ఇంకో మనిషిని పైకి తేవడం మరిచినవాడు, నా అన్నేళ్ళ పనిని ఒక ప్రశ్నతో ముంచబోయాడు. ఇలాంటివాళ్ళ కింద పనిచేయడానికి వస్తున్నారు మీరు, గుర్తుపెట్టుకోండి.

"గాలి వచ్చింది" అంది సరోజమ్మ.

అందరం ఆమె వైపు తిరిగాం. తమ్ముడి ముందు, పరాయివాళ్ళ ముందు భర్త మాటకు అడ్డు చెప్పే ఆచారం ఆ ఇళ్ళలో లేదు. చంద్ర "అక్కా" అని గొణిగాడు.

"గాలి వచ్చింది. ఈయనే తీసుకోల్యా. నేను పక్కనే ఉండా, చూసినా."

"నీకేం తెల్సు?" అన్నాడు బయపురెడ్డి. "ఈత కూడా రాదు నీకు."

"రాదు. రాదు కాబట్టే ఆయన్న చెప్పింది ఇన్నా." అంతవరకూ నలుగురిలో ఆయన్ను మీరు అంటూ వచ్చిన మనిషి, ఇక ఆ మర్యాద పాటించలేదు. "నీకు రోషం గుద్దు పడిందని. ఆ గుద్దు పడకపోయింటే ఈ పొద్దు నేనేం చేస్తాంటి? పెట్టెలో నిన్ను పెట్టుకోని విమానం ఎక్కుతాంటి. మీ యమ్మకు ఏం చెప్పల్ల? నీ కొడుకు గుప్పెడు ఇసక తెచ్చినాడని చెప్పల్లనా? నన్ను ఆడ ఒక్కదాన్నే రాయి కాడ ఇడ్సి, ఆయన్న నీ కోసం పైకి పోయినాడు. నువ్వు సచ్చినావో బతికినావో తెలీక ఆ నీళ్ళల్లో ఏడుస్తా కూర్చున్న్యా. ఆ సంగతి ఎవురన్నా అడిగినారా నన్ను?"

ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదని అప్పుడే తోచింది. నితిన్ ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. బయపురెడ్డి తల వంచుకుని తన అరచేతులు చూసుకున్నాడు. ఆయనకు ఏడుపు వస్తోందో, కోపం వస్తోందో నాకు తెలియలేదు. చివరికి నా వైపు చూడకుండా అన్నాడు.

"శానా గట్టిది అప్పా నీ చెయ్యి. ఇంగోసారి గుద్దేటప్పుడు రోంత చూసి గుద్దు."

మన జిల్లాల మగవాడి దగ్గర్నుంచి థ్యాంక్స్ అనే మాట ఇంతకన్నా దగ్గరగా రాదు. నేను తీసుకున్నాను. నవ్వబోయాను కూడా.

సరోజమ్మ నవ్వలేదు. కొంగు నడుముకు చుట్టి, తాడు మీద ఆరేసిన సూట్లలోంచి తన కొలత సూటు తనే తీసుకుంది.

"ఇంగోసారి నువ్వు దిగేది లేదు" అంది ఆయనతో. "నేను పోయొస్తా. అన్నా, పడవ చెప్పు." మళ్ళీ ఆయన వైపు తిరిగింది. "నువ్వు ఈడనే కుర్చీలో కూర్చోని, నేను వచ్చేదాకా ఊపిరి పీలుస్తా ఉండు, సాలు."